పికప్ అన్న ఒక్క మాట కోసం ఎనిమిది ఆదివారాలు: ఒక స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు మీద నా రివ్యూ

నేను మేడ్చల్ వైపు ఒక గోదాంలో డిస్పాచ్ చూస్తాను. పొద్దున షట్టర్ లేచినప్పటి నుంచి రాత్రి తాళం పడేదాకా నా నోట్లో ఎక్కువగా నలిగే మాట పికప్. పికప్ ఎన్నింటికి, పికప్ అయిందా లేదా, పికప్ బాయ్ ఫోన్ స్విచాఫ్, రిటర్న్ పికప్‌లు నలభై పెండింగ్, రోజంతా ఇదే గోల. అంతగా నాకు తెలుసనుకున్న ఆ మాటే నా పరువు తీసింది, అందుకే నలభై రెండేళ్ల వయసులో వెళ్లి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్నా. కోర్సు పోయిన నెల అయిపోయింది. చేరదామా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయను, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి కాబట్టి. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల అని మాత్రం చెప్తా, ఆ సందుల్లో బోర్డు మీద బోర్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లు ఏది అని నన్ను అడగరు.

అసలు ఏం జరిగిందో ముందు చెప్పాలి. మాకు ఇంగ్లండ్ నుంచి ఒక క్లయింట్ ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ల మేడమ్‌తో కాల్. పన్నెండు అట్టపెట్టెలు వానకి తడిసి పాడయ్యాయి, వాటి క్లెయిమ్ ఎవరు కట్టాలనే పంచాయితీ. మాట తెగకముందే ఆవిడకు ఇంకో మీటింగ్ ఉందని పెట్టేసింది, ఐదు నిమిషాల్లో మెయిల్ వచ్చింది: "లెట్స్ పిక్ దిస్ అప్ ఆన్ మండే." నాకు అందులో అర్థం కానిదేముంది? దిస్ అంటే ఆ పన్నెండు పెట్టెలు. పికప్ అంటే పికప్. మండే అంటే సోమవారం. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా బొలెరో పికప్ ఒకటి మాట్లాడి, పెట్టెలు గేటు దగ్గర పేర్పించి, ఇద్దరు హమాలీలను పక్కన నిలబెట్టి, "వెహికల్ ఈజ్ రెడీ మేడమ్, ప్లీజ్ షేర్ డెలివరీ అడ్రస్" అని మెయిల్ కొట్టా. వాళ్లకు మనకంటే టైము వెనక కదా, జవాబు మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఆగిపోయిన మాటలు సోమవారం మళ్లీ మొదలుపెడదాం అన్నానండీ, పెట్టెలు ఎక్కడికీ పంపొద్దు, అని చాలా మర్యాదగా రాసింది. అప్పటికి బండి వెయిటింగ్ ఛార్జి ఎక్కుతూనే ఉంది. డ్రైవర్‌కి పద్దెనిమిది వందలు నేనే ఇచ్చి పంపించా, మా మేనేజర్ ఆ బిల్లు పాస్ చేయలేదు. వారం రోజులు ఆఫీసులో ఎవరు ఎదురైనా "ఏం బావా, మండే పికప్ ఉందా" అనేవాళ్లు.

ఆ మంటలో చేరా. ఫీజు నాలుగు వేల ఐదు వందలు, ఎనిమిది ఆదివారాలు, పదింటి నుంచి ఒంటిగంట వరకు. రోజువారీ ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే రెండు పదాల క్రియలు, అంటే గెటప్, టేకాఫ్, పుటాన్, పికప్ లాంటివి నేర్పిస్తామని పాంప్లెట్‌లో రాశారు. వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారట. బ్యాచ్‌కి పదిహేను మందే అన్నారు. మొదటి ఆదివారం వెళ్లి చూస్తే ముప్పై ఎనిమిది మంది, నేను లెక్కపెట్టా, లోడు లెక్కపెట్టడం అలవాటైన చేయి కదా. రెండో అంతస్తు, కింద టిఫిన్ సెంటర్. పదకొండింటికి పోపు వాసన వస్తే సగం క్లాసు కిటికీ వైపు చూస్తుంది. ఏసీ ఉంది, తిరగదు.

మొదటి మూడు వారాలు చెప్పిన సార్ గురించి ఎక్కువ రాయను. మంచాయన, గొంతు కూడా బాగుంటుంది, కానీ ఆయన పద్ధతంతా బట్టీ. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ పుస్తకం ఒకటి ఇచ్చారు, అందులో పికప్‌కి ఇరవై మూడు అర్థాలు వరుసగా ఉన్నాయి, పక్కన తెలుగు. ఎత్తుట, తీసుకొనుట, నేర్చుకొనుట, మెరుగుపడుట, సోకుట, గమనించుట... ఇలా పోతుంది. "పది సార్లు రాయండి, వచ్చేస్తాయి" అన్నారు. రాశా. రాలేదు. ఎత్తుట దగ్గర మొదలై సోకుట దగ్గరికి ఒక మాట ఎలా వెళ్లిందో తెలియకపోతే అది కిరాణా చిట్టీ, అంతే. పైగా ఆ తెలుగు ఎవరు చేశారో గానీ, ఒక చోట ఎవరో కుర్రాడు బార్‌లో పరిచయం లేని అమ్మాయిని మాటల్లో పెట్టి దగ్గర చేసుకున్నాడు అనే అర్థం రావాల్సిన వాక్యానికి "అతడు ఆ యువతిని ఎత్తుకొనెను" అని అచ్చేశారు. వెనక బెంచీ నవ్వు కింద టిఫిన్ సెంటర్ దాకా వినపడి ఉంటుంది.

నాలుగో ఆదివారం సార్‌కి ఊళ్లో పెళ్లి. బదులుగా ఒక మేడమ్ వచ్చారు. గవర్నమెంట్ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయ్యారట. నాలుగు వేల ఐదు వందల్లో నాలుగు వేలు ఆవిడ చెప్పిన రెండు ఆదివారాలకే ఇచ్చాననుకుంటున్నా.

రాగానే పుస్తకం మూసేయమన్నారు. బోర్డు మీద పికప్ అని రాసి, "మీ మీ పనిలో ఈ మాట ఎక్కడ వింటారో చెప్పండి" అన్నారు. నేను పార్సిల్ పికప్ అన్నా. క్యాబ్ నడిపే కుర్రాడు పికప్ పాయింట్ అన్నాడు. ఇంకొకడు "నా బండికి పికప్ లేదు మేడమ్, ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేర్‌లో ఏడుస్తుంది" అన్నాడు. సినిమా పిచ్చి ఉన్న ఒకడు "మొదటి రోజు టాక్ లేదు, ఆదివారం నుంచి కలెక్షన్ పికప్ అయింది" అన్నాడు. పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే తమ్ముడు ఒకడున్నాడు, అతను గిటార్ మీద తీగల కింద ఉండే చిన్న పట్టీని పికప్ అంటారని చెప్పాడు, అందులో అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ ఉంటాయట, పైన తీగ కదిలితే ఆ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చి స్పీకర్‌కి పంపుతుందట. డాలస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండొచ్చిన ఒక పెద్దావిడ, "మా అమ్మాయి పిల్లల మీద రోజూ అరుస్తుందమ్మా, పికప్ యువర్ రూమ్ అని. గదిని ఎలా ఎత్తుతారని నేను మొదట్లో బెదిరిపోయా" అన్నారు. గది సర్దుకోమని అట, అమెరికాలో అలా అంటారట.

బోర్డు నిండిపోయింది. అప్పుడు మేడమ్ మూడు గీతలు గీసి, వచ్చినవన్నీ ఆ మూడింటి కిందకి తోశారు. ఒకటి, కింద పడి ఉన్నది పైకి రావడం. పెట్టె, పిల్లాడు, గదిలో నేల మీద పడున్న బట్టలు. రెండు, ఎక్కడో ఉన్నది మన చేతికి రావడం. పార్సిల్, బస్టాండులో చుట్టం, ఇంటికొస్తూ దారిలో కొన్న పాల ప్యాకెట్, రేడియోకి అందిన స్టేషన్, గిటార్ తీగ కదలిక, జలుబు, పక్కింటివాళ్ల భాష. మూడు, ఆగిందో మందగించిందో మళ్లీ ఊపందుకోవడం. బండి వేగం, సినిమా కలెక్షన్, వ్యాపారం, సాయంత్రం గాలి, శుక్రవారం తెగిపోయిన మాట. అదిగో నా పెట్టెలు! నేను దిస్ అంటే రెండో గీత కింద పెట్టా, ఇంగ్లండ్ మేడమ్ మూడో గీత కింద పెట్టి రాసింది. పద్దెనిమిది వందలకి కారణం ఆ ఒక్క గీత.

జలుబూ భాషా ఒకే గీత కింద ఎందుకని ఎవరో అడిగారు. ఈ కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చింది దీనికి మేడమ్ చెప్పిన జవాబే. రెండూ మనం పని పెట్టుకుని వెళ్లి తెచ్చుకున్నవి కావు, జనం మధ్య తిరుగుతుంటే అంటుకున్నవి అన్నారు. జలుబు కోసం ఎవరూ క్లాసుకి వెళ్లరు కదా. అలాగే ఐ పిక్డ్ అప్ తమిళ్ అంటే చెన్నైలో ఉండి, ఆటోవాళ్లతో, కూరగాయలవాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చేసిందని. పుస్తకం పెట్టుకుని, ఫీజు కట్టి, పరీక్ష రాసి నేర్చుకుంటే దాన్ని లర్న్ అంటారు, పికప్ అనరు. ఈ తేడా పుస్తకంలో ఎక్కడా లేదు, "నేర్చుకొనుట" అని ఒక్క మాటతో వదిలేశారు. ఇంతలో ఒక కుర్రాడు గోడ వైపు చేయి చూపించాడు. అక్కడ ఇన్‌స్టిట్యూట్ వాళ్లదే పెద్ద ఫ్లెక్సీ: పికప్ ఇంగ్లిష్ ఇన్ సిక్స్‌టీ డేస్! మేడమ్ అటు చూసి, "అది వాళ్లు కట్టుకున్నది, నన్ను అడగొద్దు" అన్నారు.

మా గోదాంలో ఒడిశా నుంచి వచ్చిన హమాలీ కుర్రాడు ఒకడున్నాడు. వచ్చిన కొత్తలో అవును, కాదు తప్ప తెలుగు రాదు. ఆరు నెలల్లో డ్రైవర్లతో బేరాలాడుతున్నాడు, బూతులైతే నాకంటే శుభ్రంగా పలుకుతాడు. వాడు చేసిందీ పికప్ అంటే. నేను ఆదివారం ఆదివారం బండి వేసుకుని వెళ్లి చేసింది అది కాదు. ఫీజు కట్టాక తెలిసింది, ఏం చేస్తాం.

వాడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మేడమ్ రెండో ఆదివారం మన తెలుగునే బోర్డు మీద పెట్టారు. ఇంగ్లిష్‌వాడు క్రియ వెనక అప్, ఆఫ్, ఔట్ అని చిన్న ముక్క తగిలిస్తాడు, మనం క్రియ వెనక ఇంకో క్రియ తగిలిస్తాం, అన్నారు. తిను అనేదానికి వేయు తగిలిస్తే తినేయ్, అంటే మిగల్చకుండా. ఇంగ్లిష్‌లో ఈట్ అప్ అన్నా అంతే, అక్కడ అప్‌కి పైకి అనే అర్థమే లేదు, పూర్తిగా అని. మరి ఎత్తు తీసుకోండి. పిల్లాణ్ని ఎత్తుకున్నాడు. గొలుసు ఎత్తుకెళ్లాడు. పోలీసులు తెల్లవారుజామున వచ్చి ఎత్తుకెళ్లారు. రాగం ఎత్తుకున్నాడు. ఫోన్ ఎత్తలేదు. వాడి మాట నా దగ్గర ఎత్తకు. కర్ఫ్యూ ఎత్తేశారు. చేతులెత్తేశాడు. నీళ్లు ఎత్తిపోశారు, అందులోంచే ఎత్తిపోతల పథకం. బిచ్చమెత్తాడు, అవతారమెత్తాడు, విసుగెత్తింది, సమస్య తలెత్తింది. ఎత్తుకు పైఎత్తు వేశాడు. బోర్డు చాలలేదు. మనం ఇవన్నీ ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాం, అని అడిగారు. క్లాసులో చప్పుడు లేదు.

నాకు మాత్రం వెంటనే మా ఒడిశా కుర్రాడు గుర్తొచ్చాడు. ఒకరోజు నేను ఫోన్‌లో "ఆ కొంపల్లి పార్టీ బోర్డెత్తేశాడు, ఇక డబ్బులు వచ్చినట్టే" అని మేనేజర్‌కి చెప్తుంటే పక్కనే ఉండి విన్నాడు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అన్నా, బోర్డు ఎత్తడానికి మనవాళ్లను పంపాలా, ఇద్దరు సరిపోతారా" అన్నాడు. ఆ రోజు అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నా మండే పికప్‌కి ఇంగ్లండ్ మేడమ్ నవ్వకుండా మర్యాదగా రాసింది. మేం మాత్రం వాడిని రెండు రోజులు ఏడిపించాం.

మేడమ్ ఇంకో సంగతి చెప్పారు, అది విన్నాక కాస్త ధైర్యం వచ్చింది. లండన్‌లో శామ్యూల్ జాన్సన్ అని ఒకాయన 1755లో పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు వేశాడు. దాని ముందుమాటలోనే, క్రియకి చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయివాళ్లకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగిస్తుందని రాసుకున్నాడట. అంటే ఈ బాధ ఇప్పటిది కాదు, నా ఒక్కడిదీ కాదు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు మాత్రం అంత పాతది కాదట, 1925 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిందట.

ఇక పనికొచ్చే వ్యాకరణం. ఇది నిజంగా నా ఉద్యోగానికి పనికొచ్చింది. ఇట్, దెమ్, హిమ్ లాంటి చిన్న మాటలు వస్తే అవి మధ్యలో కూర్చోవాలి, పిక్ ఇట్ అప్. మనం చాలామంది పికప్ ఇట్ అంటాం, అది తప్పు. పెట్టె పేరు చెప్తే ఎటైనా పెట్టుకోవచ్చు, పికప్ ది బాక్స్ అన్నా పిక్ ది బాక్స్ అప్ అన్నా ఒకటే. కానీ ఎవరైనా నోటితో చెప్పకుండా సూచనగా అన్నది మనం కనిపెట్టాం అనాలంటే పికప్ ఆన్, అక్కడ మాత్రం ఇట్ చివరికి పోతుంది, పికప్ ఆన్ ఇట్. ఎందుకు అలా అంటే, "వాళ్ల ఇల్లు, వాళ్ల సామాను, ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లిష్టం" అన్నారు మేడమ్. నాకు ఆ జవాబు చాలు.

పలకడంలో కూడా తేడా ఉంది. సరుకు తీసుకెళ్లే పనిని, బండిని పేరుగా అంటే బరువు పిక్ మీద పడాలి. క్రియగా అంటే అప్ మీద పడాలి. రాసేటప్పుడు పేరైతే కలిపి ఒక్క మాట, క్రియైతే విడివిడిగా రెండు మాటలు. మనం తెలుగులోకి తెచ్చుకున్నది ఆ కలిపి ఉన్న పేరే. అందుకే దానికి మన చేయి, అవు, ఇవ్వు తగిలిస్తాం: పికప్ చేసుకో, పికప్ అయింది, ఈ బండి పికప్ బాగా ఇస్తుంది. తెలుగులో అది తప్పేమీ కాదు, ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదని కూడా అన్నారు. తిప్పలు ఎక్కడొస్తాయంటే, ఆ కలిపిన మాటను మళ్లీ ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి వెనకాల డ్ తగిలించినప్పుడు. పికప్డ్! అసలు ఉండాల్సింది పిక్డ్ అప్. నేను సోమవారం ఆఫీసుకెళ్లి పంపిన మెయిళ్లలో ఆ మాట కొట్టి వెతికా. "ఆల్ పార్సిల్స్ పికప్డ్", "టూ బాక్సెస్ నాట్ పికప్డ్", "డ్రైవర్ హేజ్ పికప్డ్", పేజీలకు పేజీలు వచ్చాయి. తొమ్మిదేళ్లు. ఒక్కడైనా చెప్పలేదు. చెప్పకపోగా మా మేనేజర్ మెయిళ్లలో కూడా అదే ఉంది, నా దగ్గర్నుంచే ఆయనకి అంటుకుందేమో. అంటుకుంది అంటే పికప్, రెండో గీత!

ఇంకో చిన్న ముచ్చట. హైటెక్ సిటీలో పనిచేసే కుర్రాడు ఒకడు చెప్పాడు. టీమ్ లంచ్‌లో వాళ్ల పెద్దాయన "ఐ విల్ పికప్ ది ట్యాబ్" అన్నాడట. వీడు సంబరపడి, సార్ అందరికీ ట్యాబ్‌లు తెప్పిస్తున్నారని ఇంట్లో చెప్పేశాడు. ట్యాబ్ అంటే అక్కడ బిల్లు, ఈ భోజనం ఖర్చు నాది అని ఆయన అన్నది. వాళ్ల చెల్లెలు ఇంకా అడుగుతూనే ఉందట, ట్యాబ్ ఎప్పుడొస్తుందని.

సరే, మంచి అంతా చెప్పా. ఇప్పుడు చెడు. ఆరో ఆదివారానికి పాత సార్ వచ్చేశారు, మళ్లీ జిరాక్స్ పుస్తకం, మళ్లీ పది సార్లు రాయడం. మేడమ్‌నే కొనసాగించమని పదకొండు మందిమి సంతకాలు చేసి ఇచ్చాం, కౌంటర్‌లో అమ్మాయి తీసుకుని, నవ్వి, డ్రాయర్‌లో పెట్టింది. యాప్‌లో రికార్డింగులు ఉంటాయన్నారు, నా ఫోన్‌లో అది ఒక్కరోజు తెరుచుకోలేదు, తెరుచుకున్నవాళ్లు చెప్పేదేమిటంటే అందులో మేడమ్ క్లాసులు లేవట, సార్‌వే ఉన్నాయట. వాట్సాప్ గ్రూప్‌లో రోజుకో వాక్యం పంపిస్తామన్నారు, గులాబీ పువ్వు మీద గుడ్ మార్నింగ్ వచ్చేది, పండగ రోజు దీపం వచ్చేది, వాక్యం రాలేదు. మాట్లాడించడం కూడా చాలా తక్కువ. ముప్పై ఎనిమిది మందిలో నా వంతు మైక్ ఎనిమిది వారాల్లో మూడుసార్లు వచ్చింది, అందులో ఒకసారి కరెంట్ పోయింది. పార్కింగ్ సంగతి అమీర్‌పేట తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మెట్రోలో వెళ్లండి.

డబ్బు తిరిగి అడిగారా అంటే, అడగలేదు. రెండు ఆదివారాలు బాగా దక్కాయి కాబట్టి గొడవ పడబుద్ధి కాలేదు. కానీ పదిహేను మంది అని చెప్పి ముప్పై ఎనిమిది మందిని ఎక్కించడం మా గోదాంలో అయితే ఓవర్‌లోడ్ కేసు.

ఎవరు చేరాలి? నాలాగా ఆఫీసు ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది గానీ ఇలాంటి చిన్న మాటల దగ్గర జారిపడేవాళ్లు వెళ్లొచ్చు, అదీ మేడమ్ ఉంటేనే. చేరే ముందు కౌంటర్‌లో రెండే అడగండి: ఆవిడ ఎన్ని వారాలు చెప్తారు, బ్యాచ్‌లో ఎంతమంది. రెండింటికీ కాగితం మీద రాసి ఇమ్మనండి. ఏబీసీడీ నుంచి మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇది కాదు, బెదిరిపోతారు. బాగా వచ్చినవాళ్లకూ అక్కర్లేదు. ఐదుకి రెండున్నర ఇస్తున్నా, ఆ రెండూ మేడమ్‌వి, అర కింద టిఫిన్ సెంటర్ ఉల్లి దోసెది.

ఆ ఇంగ్లండ్ క్లయింట్ మేడమ్‌తో పోయిన వారం మళ్లీ కాల్ జరిగింది. చివర్లో నేనే అన్నా, కెన్ వి పిక్ దిస్ అప్ టుమారో అని. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "విత్ ఆర్ వితౌట్ ఎ వెహికల్?" అంది. గుర్తుపెట్టుకుంది! ఫోన్ పెట్టాక మా మేనేజర్ ఏమైందని అడిగితే, రేపు మాట్లాడదామందని మాత్రం చెప్పా.

ఇది రాస్తుండగానే ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త బ్యాచ్ కోసం పాత స్టూడెంట్ల వీడియోలు తీస్తున్నారట, ముప్పై సెకండ్లు చాలట, "ఐ పిక్డ్ అప్ ఇంగ్లిష్ ఇన్ సిక్స్‌టీ డేస్" అని నవ్వుతూ అంటే సరిపోతుందట. అది పికప్ కాదమ్మా, ఫీజు కట్టి నేర్చుకున్నా కాబట్టి లర్న్ అనాలి, గోడ మీది ఫ్లెక్సీ కూడా మార్చండి అన్నా. సార్‌తో మాట్లాడి చేస్తామని పెట్టేసింది. ఆ తర్వాత ఇప్పటికి నాలుగుసార్లు చేశారు. నేను ఎత్తలేదు.